కాజా చివర్లు, కారం గిన్నెలు

దుప్పటి కప్పుకున్నావా? కాళ్ళు నా పొట్ట మీద పెట్టకు, అటు తిరిగి పడుకో. ఊ కొట్టాలి మరి. ఊ కొట్టకపోతే కథ దారిలోనే కూలబడిపోద్ది, నేను లేపినా లేవదు.

అనగనగా ఒక ఊళ్ళో ఒక కాలవ. ఆ కాలవకి నీళ్ళాపే లాకులు. లాకుల పక్క మలుపులో ఒక మిఠాయి కొట్టు. బస్సు ఆ మలుపు తిరిగేసరికి, నిద్దరపోయేవాళ్ళు కూడా లేచి ముక్కు పైకెత్తేవారు. అంత కమ్మటి వాసన!

ఆ కొట్టు గవర్రాజు మేస్త్రిది. ఆయన మడత కాజా చేసేవాడు. అదొక్కటే చేసేవాడు. ఎవరన్నా లడ్డూ ఉందా అని అడిగితే, "లడ్డూ కావాలంటే లడ్డూ చేసేవాడి దగ్గరికెళ్ళాలి, ఆయ్. నాకు మడత పెట్టడమే వచ్చు" అని నవ్వేవాడు.

మడత కాజా ఎలా చేస్తారో తెలుసా నీకు? ముందు మైదాపిండి కలిపి, తడిగుడ్డ కప్పి నానబెడతారు. ఆ తర్వాత పెద్ద బల్ల మీద వేసి, కర్రతో పాముతారు. ఎంత పలచగా అంటే, అవతల నీ చెయ్యి పెడితే ఇవతల నాకు వేళ్ళు కనపడాలి. అప్పుడు దానికి నెయ్యీ బియ్యప్పిండీ రాసి, చాప చుట్టినట్టు చుట్టేస్తారు. ఆ చుట్టని ముక్కలు కోసి నూనెలో వేస్తే, పొరలు పొరలుగా విచ్చుకుంటాయి. ఆ తర్వాత పాకంలో ఒక మునక.

మరి చాప చుట్టకి రెండు చివర్లుంటాయి కదా. ఆ చివర్లు వంకర టింకరగా వస్తాయి. పళ్ళెంలో పెట్టడానికి బాగోవు. వేరే కొట్లలో ఏం చేస్తారో నాకు తెలీదు గానీ, గవర్రాజు కొట్లో ఒక పద్ధతి ఉండేది. చివర ఎప్పుడూ మేస్త్రిది.

పొద్దున్నే మొదటి వాయిలో చివర్లు వేసేవారు. అవి పాకంలో మునిగి తేలాక, మేస్త్రి ఒకటి తీసి కొరికేవాడు. కళ్ళు మూసుకుని, ఆ కర్రుమనే చప్పుడు వినేవాడు. "చివర విచ్చుకుందంటే నడుమ విచ్చుకున్నట్టే" అనేవాడు. అప్పుడు కళ్ళు తెరిచి, "పెట్టండి" అనేవాడు. ఆయన పెట్టండి అన్నాకే కాజాలు పళ్ళెంలోకి వెళ్ళేవి. అప్పటిదాకా బస్సు వెళ్ళిపోతున్నా సరే, ఎవరికీ కాజా లేదు.

మిగిలిన చివర్లు పెరటి గోడ మీద కాకికి. ఆ కాకి కూడా పాకం తిని తిని, నల్లగా నిగనిగలాడిపోయేది.

మేస్త్రి పెళ్ళాం పేరు అచ్చియ్యమ్మ. పొయ్యి ఆవిడ చేతిలో ఉండేది. కొడుకు పోసిబాబు బల్ల దగ్గర కూర్చుని అమ్మేవాడు. ఆ పోసిబాబుకి కొత్తగా పెళ్ళయింది. కోడలి పేరు వీరవేణి.

వీరవేణి వాళ్ళ నాన్నకి అవతలి ఊళ్ళో బజ్జీల బండి. అందుకని ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ మిరపకాయలు చీరడం, ఉల్లిపాయలు తరగడం, నిమ్మకాయలు పిండడం. ఆ పిల్లకి తీపి చెయ్యడం రాదు. కారం మాత్రం కళ్ళు మూసుకుని కలుపుద్ది.

అచ్చియ్యమ్మకేమో కారం అంటే గిట్టదు. కారమంటే అన్నంలోకి గిట్టక కాదు, పొయ్యి దగ్గరికి గిట్టదు. "కాజా నూనెకి ఉల్లిపాయ వాసన తగిలితే ఇంకంతే. నూనె మర్చిపోదు" అనేది. అందుకని కొట్టు వంటసాలలోకి ఉల్లిపాయ గడప దాటి రాకూడదు. కోడల్ని కూడా "ఏమే కారం బండి పిల్లా, చేతులు కడుక్కున్నావా?" అని గడప దగ్గరే అడిగేది. వీరవేణి తలొంచుకుని మళ్ళీ కడుక్కునేది. కడిగిన చేతులే కడిగీ కడిగీ అరచేతులు తెల్లబడిపోయేవి పాపం.

కొత్తగా వచ్చిన మొదటి రోజున ఏమైందంటే, పొద్దున్నే అందరూ పనిలో ఉన్నారు. ఈ పిల్ల ఏం చెయ్యాలో తెలీక స్తంభం పక్కన నించుంది. అప్పుడు మేస్త్రి చివర తీసేడు. కొరకబోయి ఆగేడు. దాన్ని రెండుగా విరిచి, ఒక సగం కోడలి చేతిలో పెట్టేడు.

"కారం ఇంటినించి తీపి ఇంటికొచ్చావమ్మా. తిను. బాగుందో లేదో నువ్వు చెప్పు."

ఆ పిల్ల తిని, నోట మాట రాక తలూపింది. అప్పుడు మేస్త్రి గట్టిగా అన్నాడు, "కోడలు బాగుందంది. పెట్టండి!" అని. పుట్టింటినించి వచ్చిన దగ్గర్నించీ బిగబట్టుకున్న ఏడుపు, ఆ పిల్లకి అప్పుడు పోయింది. మరి మర్చిపోద్దా ఆ సగం ముక్కని?

ఊ కొడుతున్నావా? ఆఁ, కొట్టు.

కొన్నాళ్ళకి ఆ ఇంట్లో చీమలొచ్చేయి. మిఠాయి కొట్లో చీమలు రావడం వింతేంటి అంటావా? కొట్లోకి రాలేదు. దొడ్లో మేస్త్రి ఒంటేలుకి వెళ్ళే చోట బారులు కట్టేయి. నవ్వకు! నవ్వితే నిద్దర పోద్ది. చీమల్ని చూసి అచ్చియ్యమ్మ గుండెలు బాదుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్తే డాట్రుగారు సూదితో వేలు పొడిచి చూసి, "షుగరు బాగా ఉంది. ఇంక తీపి ముట్టుకోకూడదు. మాత్రలు వేసుకోవాలి, వేళకి తినాలి" అని చెప్పేడు.

ఆ మర్నాడు పొద్దున్న మొదటి వాయి దిగింది. చివర్లు పాకంలో తేలేయి. అలవాటుగా మేస్త్రి చెయ్యి జాపేడు. అచ్చియ్యమ్మ పళ్ళెం వెనక్కి లాక్కుంది. ఆ చెయ్యి అలా గాల్లోనే ఉండిపోయింది.

"పోనీ పాకం లేకుండా కొరుకు నాన్నా" అన్నాడు పోసిబాబు. మేస్త్రి ఒక ఉత్త చివర కొరికేడు. నమిలేడు. పక్కకెళ్ళి ఉమ్మేసేడు.

"పాకం లేని కాజా దరువు లేని భజన రా. నాకేమీ తెలీట్లేదు. రుచి తెలీని సరుకుని నేను పెట్టండి అనలేను. మీరు అమ్ముకోండి."

అలా అని కండువా దులిపి భుజాన వేసుకుని, అరుగు మీద నులక మంచం వాల్చుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అంతే. కొట్లోకి రాలేదు. మాట్లాడలేదు. తిండి కూడా ముట్టుకోలేదు.

అప్పుడు అచ్చియ్యమ్మ జొన్నన్నం వండి, గోంగూర కలిపి తీసుకెళ్ళింది. మేస్త్రి గోడ వైపు తిరిగే ఉన్నాడు.

ఆ తర్వాత పోసిబాబు టౌనెళ్ళి, పంచదార లేని బిస్కెట్లు తెచ్చేడు. మేస్త్రి ఆ పొట్లం వాసన చూసి, తలకింద పెట్టుకున్నాడు. తిన్లేదు. తలకింద పెట్టుకున్నాడంతే.

ఆ తర్వాత పక్కింటి ముసలాయన కాకరకాయ రసం గ్లాసుతో వచ్చేడు. "కళ్ళు మూసుకుని తాగెయ్ బావా, నేను రోజూ తాగుతున్నా" అన్నాడు. మేస్త్రి కళ్ళయితే మూసుకున్నాడు గానీ, నోరు కూడా మూసుకున్నాడు.

మాత్రలు మాత్రం వేసుకునేవాడు. తిండి లేకుండా మాత్రలు! మనిషి వడిలిపోయేడు. మెడ దగ్గర కండువా నిలవక జారిపోయేది. వీరవేణి అరుగు ఊడుస్తూ రోజూ చూసేది. చూసి, లోపల లోపల అనుకునేది: ఈయనకి కావలసింది తిండి కాదు. ఈయనకి కావలసింది చివర. తీపి లేకుండా చివర ఎలా పెట్టాలి?

అప్పుడు ఆ పిల్లకి తన చేతులు గుర్తొచ్చేయి. కారం చేతులు. తీపి లేకపోతే కారం పెట్టొచ్చు కదా!

ఆలోచన వచ్చిందే గానీ, ఎవరితో చెప్పుద్ది? కోడలు పిల్ల. అత్తగారంటే బెదురు. అందుకని ఎవరికీ చెప్పకుండా, మేస్త్రి లేడని వేయించకుండా కాకికి వేసేస్తున్న పచ్చి చివర్లు కొన్ని దాచింది. వాటన్నిటినీ కలిపి, ముద్ద చేసి, బాగా పిసికింది. వాళ్ళ నాన్న బజ్జీల పిండి అలాగే కలిపేవాడు మరి. పిసికిన ముద్దని అప్పచ్చిలా ఒత్తి, ఇంటి పెనం మీద కాల్చింది. పైన కారం చల్లింది.

చల్లారేక కొరికితే, పన్ను దిగలేదు. గోడ మీద పెడితే కాకి వచ్చి ముక్కుతో టక్కున పొడిచింది. పొడిచి, వీరవేణి వైపు ఒక చూపు చూసి, ఎగిరిపోయింది.

అత్తగారు ఆ బిళ్ళ చూడనే చూసింది. "ఇదేంటే, బళ్ళో గంట కొట్టే ఇనప బిళ్ళా?" అంది. వీరవేణి ఎలా చేసిందో చెప్పింది గానీ, ఎవరి కోసమో చెప్పలేదు. అచ్చియ్యమ్మ తిట్టబోయి, ఎందుకో తిట్టలేకపోయింది. "మడత పెట్టిన పిండిని పిసకకూడదే పిచ్చిదానా. పిసికితే పొరలన్నీ ఏకమైపోయి రాయవుద్ది. చివర మీద చివర పేర్చి, నెమ్మదిగా అదమాలి" అంది. అని వెళ్ళిపోయింది.

వీరవేణి ఆ మాట గట్టిగా పట్టుకుంది. మర్నాడు చివర మీద చివర పేర్చి, కర్రతో నెమ్మదిగా అదిమింది. మధ్యలో ఉల్లిపాయా పచ్చిమిరపకాయా పెట్టి, అంచులు మూసింది. ఎంచక్కా కుదిరింది. కానీ ఇంటి పొయ్యి మీద గరిటెడు నూనే ఉంది. మునగదు. కొట్టు పొయ్యి మీద మూకుడు నిండా కాజా నూనె కాగుతోంది. అత్తగారు పాకం చూస్తోంది. ఒక్కటే కదా అనుకుంది. అంచులు మూసే ఉన్నాయి కదా అనుకుంది. మెల్లిగా జారవిడిచింది.

మూకుట్లో అది ఉబ్బింది. ఇంకా ఉబ్బింది. ఢామ్మని పగిలింది!

ఉల్లిపాయలు నూనె నిండా ఈదేయి. ఆ తర్వాత వాయి కాజాలూ ఆ నూనెలోనే వేగేయి, ఎందుకంటే ఈ పిల్ల భయపడి నోరు విప్పలేదు. కాసేపటికి బస్సు ఆగింది. ఒకాయన కాజా కొరికి, పోసిబాబు మొహంలోకి చూసేడు.

"ఏమయ్యా, కాజా అడిగితే పకోడీ ఇచ్చావా?"

ఇంక చెప్పాలా? ఆ రోజు సరుకంతా పక్కన పెట్టేసేరు. మూకుడు బూడిదేసి తోమేరు. అచ్చియ్యమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "నీకేం పుట్టింది? ఇంట్లో ఆ మనిషి అలా పడున్నాడు, ఇక్కడ నువ్విలా! రేపట్నించి పొయ్యి దగ్గరికి వచ్చావంటే చూడు" అంది. వీరవేణి గిన్నెలు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయి, తోముతూ ఏడ్చింది. కన్నీళ్ళతోటే తోమినట్టు ఆ గిన్నెలు తళతళలాడిపోయేయి. తోమినవన్నీ ఎండలో బోర్లించింది.

అప్పుడు నూతి దగ్గర దభీమని చప్పుడైంది.

మేస్త్రి! మొహం కడుక్కుందామని లేచి, కళ్ళు తిరిగి పడిపోయేడు. అందరూ పరుగెత్తేరు. పోసిబాబు ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టేడు. అంత పెద్ద మనిషి, పసిపిల్లాడంత తేలిగ్గా ఉన్నాడు. పోసిబాబుకి ఆ తేలికే భయమేసింది.

కాంపౌండరు వచ్చి చూసేడు. ఎముకలేమీ విరగలేదన్నాడు. అరుగు దిగుతూ మాత్రం గొంతు తగ్గించి చెప్పేడు. "మాత్ర వేసుకుని తినకపోతే ఇంతే. ఈసారి పడితే నేను చెప్పలేను. ఈ రోజు ఏదో ఒకటి లోపలికి వెళ్ళాలి. లేకపోతే సాయంత్రానికి పెద్దాస్పత్రికి తీసుకుపొండి."

అప్పుడు స్తంభం వెనకనించి వీరవేణి అడిగింది. ఆ పిల్ల గొంతు బయటివాళ్ళు వినడం అదే మొదలు. "కారంగా ఏదన్నా పెట్టొచ్చాండీ? నూనెలో వేయించింది?"

"తీపి తప్ప ఏదైనా సరే, ముందు నోరు తెరవనీ తల్లీ. కాకపోతే చిన్నది. ఒక్కటే."

ఆ తర్వాత అచ్చియ్యమ్మ పెరట్లోకెళ్ళి కూలబడింది. ఎవరూ చూడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వీరవేణి దూరంగా నించుంది. దగ్గరికెళ్ళడానికి భయం, వదిలెయ్యడానికి మనసొప్పదు. అలా నించుని, బోర్లించిన గిన్నెల వైపు చూసింది.

గిన్నెల్లో ఒకటి ఉగ్గుగిన్నె. నీకు చిన్నప్పుడు మందు పోసేదాన్నే, పక్కన చిన్న ముక్కుంటుంది చూడు, అలాంటిదే. ఇత్తడిది. పోసిబాబు పసిపిల్లాడప్పటిది. ఇప్పుడు నెయ్యి తీసుకోడానికి వాడుతున్నారు. దాని వీపు మీద ఏదో తెల్లగా అంటుకుని ఉంది. ఏంటా అని చూస్తే, పచ్చి కాజా చివర! కాకి గోడ మీంచి ఎత్తుకుపోతూ జారవిడిచింది. మెత్తటి పిండి కదా, గిన్నె వీపు మీద పడి, చుట్టూ గొడుగులా వాలిపోయింది. ఎండకి అలాగే బిగిసిపోయింది.

వీరవేణి దాన్ని మెల్లిగా ఊడదీసింది. అచ్చం గిన్నె! పక్కన ముక్కుతో సహా!

అప్పుడు ఆ పిల్లకి లోపల దీపం వెలిగినట్టైంది. భయం ఎటు పోయిందో ఏమో, వెళ్ళి అత్తగారి ముందు గొంతుక్కూర్చుంది.

"అత్తయ్యగారూ, నేను పొయ్యి దగ్గరికి రాను. మీరే వేయించండి. ఉల్లిపాయ నూనె దాకా రాదు. ఉత్త చివర వేయించండి, ఈ గిన్నె వీపు మీద. గిన్నెలాగ ఊడొస్తుంది. కారం నేను గడప అవతలే కలిపి, అవతలే పెడతాను. ఒక్కటే అత్తయ్యగారూ. మావయ్యగారికి."

అచ్చియ్యమ్మ కోడల్ని చూసింది. ఆ పిండి గిన్నెని చూసింది. ఆ ఉగ్గుగిన్నెని చేతిలోకి తీసుకుని, కొంగుతో తుడిచింది.

"నిన్నా ఇవాళా కూడా ఇందుకేనా?"

వీరవేణి తలూపింది.

"నోరు తెరిచి చెప్పొచ్చు కదే! మూకుడు తోమలేక చచ్చాం" అంది అచ్చియ్యమ్మ. అని ముక్కు చీది, లేచింది.

అప్పుడు అచ్చియ్యమ్మ కొత్త నూనె పోసింది. చివర మీద చివర పేర్చి, నెమ్మదిగా అదిమి, ఉగ్గుగిన్నె వీపు మీద కప్పింది. పటకారుతో పట్టుకుని నూనెలో ముంచింది. పిండి ముందు తెల్లగా ఉంది. ఆ తర్వాత పొరలు మెల్లిగా రేకుల్లా లేచేయి. ఆ తర్వాత గిన్నెని వదిలేసి, చిన్న పడవలాగ తేలింది.

గడప అవతల వీరవేణి చేతులు చకచకా ఆడేయి. ఉడకబెట్టిన బొబ్బర్లు. సన్నగా తరిగిన ఉల్లిపాయ. పచ్చిమిరపకాయ. కొంచెం మామిడికాయ కోరు, కొత్తిమీర, ఉప్పు. పైన నిమ్మకాయ పిండింది. ఇంకేం, పొయ్యి మీద అన్నం పొంగేలోపే అయిపోయింది. అత్తగారు ఇవతలినించి గిన్నె అందించింది, కోడలు అవతలినించి నింపింది. మధ్యలో గడప. ఉల్లిపాయ దాటలేదు.

వీరవేణి దాన్ని చిన్న పళ్ళెంలో పెట్టుకుని అరుగు మీదికెళ్ళింది. మేస్త్రి గోడ వైపే తిరిగి ఉన్నాడు.

"మావయ్యగారూ. చివర."

ఆయన కదల్లేదు.

"ఇది పాకం చివర కాదండీ. మా ఇంటి చివర."

అప్పుడు మేస్త్రి మెల్లిగా ఇటు తిరిగేడు. ఆ పళ్ళెంలో ముక్కున్న చిన్న గిన్నెని చూసేడు. చెయ్యి జాపేడు. ఈసారి పళ్ళెం ఎవరూ వెనక్కి లాక్కోలేదు. ఆయన ఆ గిన్నెని వేళ్ళతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, పొరలు చూసేడు. కొరికేడు.

కర్ర్!

కళ్ళు మూసుకున్నాడు. గుమ్మంలో అచ్చియ్యమ్మ పటకారు పట్టుకునే నించుంది. కొట్లోంచి పోసిబాబు మెడ సాగదీసి చూస్తున్నాడు. మేస్త్రి నమిలేడు. ముక్కు మీద చెమట పట్టింది. నిమ్మరసం గడ్డం మీదికి కారింది. కారానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. కారానికో, దేనికో!

ఆ తర్వాత కళ్ళు తెరిచేడు. ఇన్నాళ్ళకి నోరు విప్పేడు.

"కర్ర పట్టిందెవడు?"

పోసిబాబు గతుక్కుమన్నాడు. "నేనే నాన్నా."

"పొర మందంగా ఏడిసింది. పిండి నాననిచ్చావా, లేక కలిపిన వెంటనే పామేసేవా? చివరే ఇలా ఉంటే నడుమ ఎలా ఉంటుందిరా? ఇన్నాళ్ళూ ఇదేనా అమ్మింది? నా కొట్టు పేరు కాలవలో కలిపేసేవు కదరా!"

బాబోయ్, తిట్లే తిట్లు! పోసిబాబు తలొంచుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. అచ్చియ్యమ్మ ఒక పక్క ఏడుస్తూ, "తిట్టండి. ఇంకా తిట్టండి. కడుపు నిండా తిట్టండి" అంటోంది.

"కడుపు నిండాలంటే అన్నం పెట్టాలి. తిట్టడానికి ఓపికేదీ? ఆ జొన్నన్నం ఉందా?" అన్నాడు మేస్త్రి.

ఉందా అంటావా! అచ్చియ్యమ్మ రోజూ వండుతూనే ఉంది, రోజూ ఎత్తి పెడుతూనే ఉంది. పరుగున వెళ్ళి కంచం తెచ్చింది. మేస్త్రి గోంగూరతో ఆఖరి మెతుకు దాకా తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే నులక మంచం అరుగు మీద నిలబెట్టేసి ఉంది. మేస్త్రి బల్ల దగ్గర ఉన్నాడు. చేతిలో కర్ర. పలచగా, పలచగా పామేడు. మొదటి వాయిలో అచ్చియ్యమ్మ ఉగ్గుగిన్నె ముంచి తీసింది. గడప అవతల వీరవేణి నింపింది. అందరూ ఆయన వైపు చూసేరు.

మేస్త్రి ఆ గిన్నెని కొరకబోయి ఆగేడు. దాన్ని రెండుగా విరిచేడు. ఒక సగం గడప అవతలికి జాపేడు.

"నువ్వు చెప్పమ్మా."

వీరవేణి తిన్నది. ఈసారి నోట మాట వచ్చింది.

"పెట్టండి!" అంది.

పళ్ళెం నిండింది. బస్సు ఆగింది. ఈసారి కాజా కొరికినాయన మాత్రం పకోడీ అనలేదు.

ఏంటి? మేస్త్రి ఇంకోటి అడగలేదా అంటావా? అడిగేడు. రోజూ అడుగుతాడు. వీరవేణి ఏ రోజూ ఇంకోటి పెట్టదు. "కాంపౌండరు గారు ఒక్కటే అన్నారండీ, ఆయ్" అంటుంది. అప్పుడాయన అచ్చియ్యమ్మ వైపు చూస్తాడు. అచ్చియ్యమ్మేమో కోడలి వైపు చూసి, "మా కారం బండి పిల్ల మాటంటే మాటే" అంటుంది.

మరి కాకికో? కాకికి పొరలు రాలిన పొడి వేస్తారు. ఒక్కోసారి అందులో మిరపగింజ ఉంటుంది. అప్పుడది కావు కావుమని కాలవ దాకా ఎగిరిపోయి, నీళ్ళు తాగొస్తుంది.

ఇంక ఊ కొట్టక్కర్లేదు. కళ్ళు మూసుకో.

పాకమేమో కాజాకి,
చివరేమో మేస్త్రికి,
కారమేమో నాలిక్కి,
పొడేమో కాకికి,
కథేమో కంచికి,
మనమేమో మంచానికి,
నిద్దరేమో కంటికి.